లువాంటి ఆటగాళ్లలో ఒకరు కావాలంటే: ఓపెన్ సోర్స్ అభిమానికి సమగ్ర మార్గదర్శి

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద ఇష్టంతో లినక్స్‌కి మారినవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ, ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్ (లినక్స్ వాడేవాళ్ల) బృందాలు ఈ దారిలోకి ఎంతోమంది విద్యార్థులను తీసుకొచ్చాయి. వాళ్లలో కొందరికి ఒక దశలో ఏదైనా ప్రాజెక్టులో పాలుపంచుకోవాలనిపిస్తుంది. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. డేటాబేస్‌లో, కంపైలర్‌లో చెయ్యి పెట్టాలంటే భయం. అలాంటివాళ్లకు నేను ఆటలనే సిఫారసు చేస్తాను, అందులోనూ బ్లాకులు తవ్వి, పేర్చి ఆడుకునే లువాంటిని. మార్పు చేసిన నిమిషంలోనే ఫలితం కళ్లముందు కనిపిస్తుంది, ఆ ఫలితంతో ఇంకొకరు ఆడుకుంటారు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇది ఆటగాళ్ల సమూహం. లైసెన్సుల మీద మీకున్న పట్టు చూసి ఎవరూ మిమ్మల్ని దగ్గరకు తీసుకోరు. వాళ్లతో కలిసి గని తవ్వితే, వంతెన కడితే తీసుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిలో ఆడటం ముందు వస్తుంది, కోడ్ చాలా తర్వాత వస్తుంది.

ముందు ఇది ఏమిటో తెలుసుకోండి

ఫిన్లాండ్‌కు చెందిన పెర్టు అహోలా 2010లో దీన్ని మొదలుపెట్టాడు. 2024 అక్టోబరు దాకా దీని పేరు మైన్‌టెస్ట్. పాత పాఠాల్లో, వీడియోల్లో, ఫైళ్ల పేర్లలో ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది. సెట్టింగుల ఫైలు పేరు కూడా ఇంకా మైన్‌టెస్ట్.కాన్ఫ్. ఏదైనా వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే: లువాంటి అనేది ఆట కాదు, ఇంజిన్. సినిమా హాల్లో ప్రొజెక్టర్ లాంటిది, రీళ్లు మనం తెచ్చుకోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన ఇంజిన్ బ్లాకుల ప్రపంచాన్ని చూపిస్తుంది, నెట్‌వర్క్ చూసుకుంటుంది. ఏ బ్లాకు ఎలా ఉండాలి, గొడ్డలికి ఎంత పదును, రాత్రి దెయ్యాలు వస్తాయా లేదా అన్నవన్నీ లువా భాషలో రాసిన 'గేమ్'లో ఉంటాయి. ఆ గేమ్‌కు తగిలించే చిన్న చిన్న ముక్కలు మాడ్‌లు. వీటన్నిటినీ ఒకచోట నడిపేది సర్వర్. ఇంజిన్, గేమ్, మాడ్, సర్వర్ అనే ఈ నాలుగు పొరలు మనసులో పెట్టుకోండి. తర్వాత బగ్ రిపోర్టు రాసేటప్పుడు సగం పని వీటితోనే తేలిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసుకోవడం

లినక్స్ పంపిణీల సొంత భాండాగారాల్లో (రిపోజిటరీల్లో) తరచుగా పాత వెర్షన్ ఉంటుంది. పాత వెర్షన్‌తో కొన్ని సర్వర్లు లోపలికి రానివ్వవు. ఫ్లాట్‌హబ్ సైట్ నుంచి ఫ్లాట్‌పాక్ ప్యాకేజీగా తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. విండోస్‌కు అధికారిక సైట్‌లోనే జిప్ ఫైలు దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కు ప్లే స్టోర్‌లోనూ ఎఫ్-డ్రాయిడ్‌లోనూ ఉంది కానీ, ఫోన్ తెర మీద ఇల్లు కట్టడం చేతులకు శ్రమ. వీలైతే కీబోర్డు, మౌస్ ఉన్న కంప్యూటర్‌తోనే మొదలుపెట్టండి. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. వ్యూయింగ్ రేంజ్ (ఎంత దూరం వరకు కనిపించాలన్నది) తగ్గించుకుంటే పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఆడుకోవచ్చు.

తెరవగానే ఆడటానికి గేమ్ ఏదీ లేదన్న సందేశం వస్తే కంగారుపడకండి. 5.8 వెర్షన్ నుంచి ఇంజిన్‌తో పాటు గేమ్ ఇవ్వడం మానేశారు. మెనూలోని కంటెంట్ ట్యాబ్‌లో కంటెంట్‌డీబీ తెరుచుకుంటుంది. గేమ్‌లు, మాడ్‌లు, టెక్స్చర్ ప్యాక్‌లు (బ్లాకుల మీది బొమ్మల కట్టలు) అన్నీ అక్కడే దొరుకుతాయి. మైన్‌క్రాఫ్ట్ అలవాటు ఉంటే మైన్‌క్లోనియా గానీ వాక్సెలిబ్రె గానీ తీసుకోండి. ఇది మైన్‌క్రాఫ్ట్‌కు నకలేనా అనే అనుమానం ఉంటే నోడ్‌కోర్ ఆడి చూడండి. అందులో తయారీ మెనూనే ఉండదు, పనిముట్లన్నీ ప్రపంచంలోనే బ్లాకులు పేర్చి చేసుకోవాలి. 'మైన్‌టెస్ట్ గేమ్' అనే పేరుతోనే ఉన్న గేమ్ చాలా సాదా. అయినా మాడ్‌లలో చాలావాటికి అదే పునాది కాబట్టి మాడ్ రాయాలనుకునేవాళ్లకు అది కూడా అవసరం.

కొన్నాళ్లు ఒంటరిగా

సర్వర్‌లోకి పరిగెత్తకుండా ముందు సొంత ప్రపంచంలో తిరగండి. చెట్టు కొట్టడం, పనిముట్లు చేసుకోవడం, చీకట్లో దారి తప్పకుండా దివిటీలు పెట్టుకుంటూ వెళ్లడం చేతికి రావాలి. ప్రపంచం ప్రతి దిక్కుకూ దాదాపు 31,000 బ్లాకుల దూరం ఉంటుంది, పైకీ కిందికీ కూడా. ఎఫ్5 నొక్కితే మీరున్న స్థానం అంకెల్లో కనిపిస్తుంది. ఇల్లు కట్టిన చోటి అంకెలు కాగితం మీద రాసుకోండి. టి నొక్కితే చాట్, ఐ నొక్కితే సామాన్ల సంచి. చాట్‌లో స్లాష్ పెట్టి హెల్ప్ అని కొడితే ఆదేశాల జాబితా వస్తుంది.

సర్వర్ ఎంచుకోవడం

'జాయిన్ గేమ్' ట్యాబ్‌లో ప్రపంచం నలుమూలల సర్వర్ల జాబితా ఉంటుంది. ఎంతమంది ఆడుతున్నారు, ఆటగాళ్లు ఒకరినొకరు కొట్టుకోవచ్చా, క్రియేటివ్ (సామాన్లు ఉచితంగా దొరికే పద్ధతి) ఉందా, పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) ఎంత అన్నవి పక్కనే కనిపిస్తాయి. చాలా సర్వర్లు యూరప్, అమెరికాల్లో ఉంటాయి. మన ఊళ్ల నుంచి యూరప్‌కు 150 మిల్లీసెకన్ల చుట్టుపక్కల, అమెరికాకు 200 దాటి పింగ్ రావడం మామూలే. ఇల్లు కట్టుకునే సర్వర్లలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. జెండా ఎత్తుకెళ్లే పోటీ సర్వర్లలో మాత్రం మీ కత్తి తగిలేలోపు ఎదుటివాడు వెళ్లిపోయి ఉంటాడు. అందుకని మొదటి సర్వర్‌గా కట్టడాల సర్వర్‌నే ఎంచుకోమంటాను. పది, ఇరవై మంది ఉండేది మంచిది. వందమందిలో మీ పేరు ఎవరికీ గుర్తుండదు, ఇద్దరే ఉంటే అడగడానికి మనిషి దొరకడు.

లువాంటిలో కేంద్ర ఖాతా అంటూ లేదు. ఒక్కో సర్వర్‌లో విడిగా 'రిజిస్టర్' నొక్కి పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. మీ పేరు ఇంకో సర్వర్‌లో వేరొకరు తీసుకుని ఉండొచ్చు కూడా. ప్రతి సర్వర్‌కూ వేరే పాస్‌వర్డ్ పెట్టండి. అసలు పేరు, ఊరు, కాలేజీ కనిపించని పేరు ఎంచుకోండి. చిన్నపిల్లలు కూడా ఆడే చోటు ఇది, పబ్లిక్ చాట్‌లో రాసింది అందరికీ కనిపిస్తుంది.

మొదటిసారి చేరినప్పుడు లోడ్ కావడానికి కాస్త సమయం పడుతుంది. ఆ సర్వర్ వాడే బొమ్మలు, శబ్దాలు, నమూనాలు అన్నీ మీ కంప్యూటర్‌కు దిగుతుంటాయి. రెండోసారి నుంచి అవి కాష్‌లో, అంటే మీ కంప్యూటర్‌లోనే దాచిన కాపీగా ఉంటాయి. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. మాడ్‌లు సర్వర్‌లోనే నడుస్తాయి కాబట్టి ఆటగాడు ఒక్క మాడ్ కూడా ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. ఇరవై మాడ్‌లు ఉన్న సర్వర్‌లోకి కూడా పేరు, పాస్‌వర్డ్‌తో వెళ్లిపోవచ్చు.

లోపల మొదటి రోజులు

కొన్ని సర్వర్లలో మొదట తవ్వలేరు, కట్టలేరు. 'ఇంటరాక్ట్' అనే అనుమతి ఉండదు. నియమాల బోర్డు చదివి, అందులో దాచిన మాటను చాట్‌లో చెప్తేనో, చిన్న ప్రశ్నకు జవాబిస్తేనో ఆ అనుమతి వస్తుంది. ఆటగాళ్లు నియమాలు చదవాలని చేసిన ఏర్పాటు అది. విసుక్కోకుండా చదవండి.

తర్వాత మర్యాద. ఎవరి ఇంటి గోడా తవ్వకండి, తాళం లేని పెట్టెలోనిదైనా సరే తీయకండి. ఎవరైనా కట్టుకున్న చోటికి దగ్గర్లో కట్టాలంటే అడగండి. చెట్టు కొడితే మొక్క నాటండి. సగం కొట్టి, కొమ్మలు గాల్లో వేలాడదీసి వెళ్లిపోయేవాళ్లంటే అన్ని సర్వర్లలోనూ చిరాకే. మీ స్థలానికి రక్షణ బ్లాకు గానీ, ప్రాంతం గుర్తించే ఆదేశం గానీ ఆ సర్వర్‌లో ఏది ఉందో కనుక్కుని ముందుగా పెట్టుకోండి. అడ్మిన్ హక్కులు అడగకండి. ఎగిరే అనుమతి కూడా అడగకండి. మీ మీద నమ్మకం కుదిరాక అడ్మినే ఇవ్వొచ్చు.

చాట్ చాలాచోట్ల ఇంగ్లిష్‌లో నడుస్తుంది. జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్ మాటలు కూడా వినిపిస్తాయి. భాష గొప్పగా రావాల్సిన పనిలేదు, చిన్న వాక్యాలు చాలు. తెలిసినవాళ్లు ఉంటే తెలుగులో మాట్లాడుకోవడానికి ఎమ్‌ఎస్‌జీ ఆదేశంతో విడిగా సందేశం పంపుకోండి.

ఓపెన్ సోర్స్ అభిమానులకు ప్రత్యేకంగా ఒక సలహా. మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం, విండోస్ వాడే పిల్లాడికి లినక్స్ గురించి ఉపన్యాసం ఇవ్వడం వద్దు. ఆ పిల్లాడు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌నే ఆడుతున్నాడు, సరదాగా ఉంది కాబట్టి ఆడుతున్నాడు. ఏదో ఒకరోజు 'ఈ తలుపును నేను మార్చొచ్చా' అని వాడే అడుగుతాడు. అప్పుడు కూర్చుని ఫైలు తెరిచి చూపించండి.

ఆట బయట మాటలు

లిబెరా చాట్ అనే నెట్‌వర్క్‌లో లువాంటికి ఐఆర్‌సీ (అక్షరాలతో మాట్లాడుకునే పాత చాట్ పద్ధతి) ఛానెల్ ఉంది. డిస్కార్డ్, మ్యాట్రిక్స్‌లో కూడా మాట్లాడుకుంటారు. ఇంజిన్ తయారుచేసేవాళ్లకు విడిగా ఒక డెవలపర్ల ఛానెల్ ఉంది. 'ఇల్లు ఎలా కట్టాలి' లాంటి ప్రశ్నలు అక్కడ వేయకండి. కొన్ని రోజులు ఊరికే చదవండి. ఎవరు దేని మీద పని చేస్తున్నారో, ఏ విషయం మీద ఎప్పుడూ వాదన జరుగుతుందో అర్థమవుతుంది. ప్రశ్న అడిగి వెంటనే వెళ్లిపోకండి. యూరప్‌లో పగలు మొదలయ్యేసరికి మనకు మధ్యాహ్నం అవుతుంది, జవాబు సాయంత్రానికి రావచ్చు.

మొదటి సాయం: పనికొచ్చే బగ్ రిపోర్టు

కోడ్ రాయకముందే మీరు చేయగల మంచి పని ఇది. ఆటలో ఏదో తేడాగా ఉంది. అది ఏ పొరలోది? సొంత కంప్యూటర్‌లో అదే గేమ్‌తో, ఒక్క మాడ్ కూడా పెట్టకుండా కొత్త ప్రపంచం తెరవండి. తేడా అక్కడా కనిపిస్తే గేమ్‌లోనో ఇంజిన్‌లోనో ఉంది. వేరే గేమ్‌లో కూడా వస్తే అనుమానం ఇంజిన్ మీదికి వెళ్తుంది. కనిపించకపోతే మాడ్‌లను ఒకసారికి సగం చొప్పున తీసేస్తూ చూడండి, దొంగ త్వరగానే దొరుకుతాడు. ఒక సర్వర్‌లో మాత్రమే వస్తే అక్కడి అడ్మిన్‌కు చెప్పాలి.

ఎక్కడ చెప్పాలన్నది కూడా పొరను బట్టే ఉంటుంది. ఇంజిన్ బగ్‌లు గిట్‌హబ్‌లో లువాంటి భాండాగారానికి వెళ్తాయి. మైన్‌క్లోనియా కోడ్‌బెర్గ్ అనే, గిట్‌హబ్ లాంటి సైట్‌లో ఉంది. మాడ్ అయితే కంటెంట్‌డీబీలో దాని పేజీలోనే ఇష్యూ ట్రాకర్ (లోపాలు, ఆలోచనలు నమోదు చేసే చోటు) లింకు ఉంటుంది. ముందే ఎవరైనా చెప్పారేమో వెతకండి. రిపోర్టులో వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, గేమ్, మాడ్‌ల పేర్లు, ఏం చేస్తే ఏం జరిగింది, ఏం జరగాల్సింది అన్నవి వరసగా రాయండి. డీబగ్.టీఎక్స్‌టీ అనే లాగ్ ఫైలులో ఆ సమయానికి వచ్చిన ఎర్రర్ వరసలను అలాగే అతికించండి. 'క్రాష్ అవుతోంది, ప్లీజ్ హెల్ప్' అన్న ఒక్క ముక్కతో ఎవరూ ఏమీ చేయలేరు. మీరు చెప్పిన అడుగులు తన కంప్యూటర్‌లో వేసి అదే తప్పు చూడగలిగిన డెవలపర్‌కు పని సగం అయిపోయినట్టే.

మొదటి మాడ్: గుమ్మం ముందు ముగ్గు

పాఠం కోసం కత్తులు, వజ్రాలు చేయడం కన్నా మనదైన వస్తువు చేయడం బాగుంటుంది. ముగ్గు తీసుకుందాం. మాడ్‌ల ఫోల్డర్‌లో 'ముగ్గు' అనే ఫోల్డర్ చేయండి, పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండాలి. అందులో మాడ్.కాన్ఫ్ అనే ఫైలులో పేరు, వివరణ, ఇది ఆధారపడే ఇతర మాడ్‌ల జాబితా రాయండి. ఇనిట్.లువా అనే ఫైలులో అసలు కోడ్ వస్తుంది. టెక్స్చర్స్ అనే ఉపఫోల్డర్‌లో బొమ్మ ఉంటుంది.

బొమ్మ 16×16 పిక్సెళ్ల పీఎన్‌జీ చాలు. నేపథ్యం పారదర్శకంగా వదిలి, చుక్కలు, గీతలు తెల్లగా వేయండి. అంత చిన్న చోట పెద్ద ముగ్గు పట్టదు, అయిదు చుక్కల ముగ్గు చక్కగా వస్తుంది. అన్ని మాడ్‌ల బొమ్మల పేర్లూ ఒకే గంపలో పడతాయి కాబట్టి ఫైలు పేరు ముందు మాడ్ పేరు తగిలించండి. లేకపోతే ఇంకొకరి బొమ్మతో ఢీకొంటుంది.

కోడ్‌లో రిజిస్టర్ నోడ్ అనే ఫంక్షన్‌ను పిలుస్తారు. నోడ్ అంటే బ్లాకు. దాని పేరు మాడ్ పేరుతో మొదలై, కోలన్ తర్వాత వస్తువు పేరు రావాలి. డ్రాటైప్ (గీసే తీరు) 'సైన్‌లైక్' పెడితే ముగ్గు పలుచటి రేకులా నేలకు అతుక్కుంటుంది. పారామ్‌టైప్2 'వాల్‌మౌంటెడ్' పెట్టాలి. పారామ్‌టైప్ 'లైట్' లేకపోతే ముగ్గు నల్లగా కనిపిస్తుంది. వాకబుల్ ఫాల్స్ చేస్తేనే దాని మీదుగా నడవగలరు. గుంపుల్లో 'అటాచ్డ్ నోడ్' చేరిస్తే కింది నేల తవ్వినప్పుడు ముగ్గు గాల్లో వేలాడకుండా రాలిపోతుంది, 'డిగ్ ఇమ్మీడియట్' చేరిస్తే చేత్తోనే తుడిచెయ్యొచ్చు. ఆ తర్వాత రిజిస్టర్ క్రాఫ్ట్‌తో తయారీ విధానం. ఏదైనా తెల్లటి రంగు పొడి ఒకటి పెడితే నాలుగు ముగ్గులు వచ్చేలా రాయండి.

పాత మాడ్‌లలో ఫంక్షన్ల ముందు మైన్‌టెస్ట్ అని ఉంటుంది, ఇప్పుడు కోర్ అని రాస్తున్నారు. రెండూ పనిచేస్తాయి, కొత్తగా రాసేవాళ్లు కోర్ వాడండి. మార్పు చేసిన ప్రతిసారీ ప్రపంచం నుంచి బయటికొచ్చి మళ్లీ తెరవాలి. తప్పుంటే ఏ ఫైలులో ఎన్నో వరసలో ఉందో తెర మీదే చూపిస్తుంది. రెండో రోజుకు మీకే ఆలోచనలు వస్తాయి: వాన పడితే చెరిగిపోయే ముగ్గు, సంక్రాంతికి గొబ్బెమ్మ, రంగులు.

లైసెన్సు దగ్గర అజాగ్రత్త వద్దు

ఇంజిన్ కోడ్ ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆ తర్వాతి వెర్షన్ కింద ఉంది. మీ మాడ్‌కు కోడ్ లైసెన్సు ఒకటి, బొమ్మలు శబ్దాల లైసెన్సు ఒకటి విడివిడిగా చెప్పాలి. కోడ్‌కు ఎమ్‌ఐటీ గానీ జీపీఎల్ కుటుంబంలోది గానీ, బొమ్మలకు సీసీ బీవై-ఎస్ఏ 4.0 ఎక్కువగా వాడతారు. వాణిజ్య వాడకం వద్దనే ఎన్‌సీ, మార్పులు వద్దనే ఎన్‌డీ షరతులున్న వాటిని ఇక్కడ స్వేచ్ఛా లైసెన్సులుగా లెక్కించరు. గూగుల్‌లో దొరికిన బొమ్మను, సినిమాలోని డప్పు శబ్దాన్ని, మైన్‌క్రాఫ్ట్ టెక్స్చర్‌ను పెట్టేశారంటే మాడ్ మొత్తం వృథా. శబ్దం కావాలంటే ఫోన్‌తో మీరే రికార్డు చేసి ఓజీజీ శబ్దం ఫైలుగా మార్చండి. ఇంటి తలుపు కిర్రుమనడం, గిన్నె మోత, కోడికూత అన్నీ పనికొస్తాయి.

కంటెంట్‌డీబీలో పెట్టిన కొత్త ప్యాకేజీని మనుషులే చూసి ఆమోదిస్తారు. దిద్దుబాట్లు చెప్తే నొచ్చుకోకండి. మీ సర్వర్ అడ్మిన్‌కు మాడ్ చూపించి, పెట్టుకుంటారేమో అడగొచ్చు. వద్దంటే అక్కడితో వదిలేయాలి. పెట్టుకున్న మాడ్ పాడైతే అర్ధరాత్రి లేచి చూసుకోవాల్సింది ఆ అడ్మినే.

ఇంజిన్‌లోనే మార్పు చేయాలనుకుంటే దారి పొడవు. ముందు ఇష్యూ తెరిచి ఆలోచనకు ఒప్పుదల తీసుకోండి. మామూలుగా ఇద్దరు కోర్ డెవలపర్లు ఆమోదిస్తేనే మార్పు లోపలికి వెళ్తుంది. వాళ్లూ ఖాళీ సమయాల్లో పనిచేసేవాళ్లే కాబట్టి వారాలు, నెలలు పట్టొచ్చు. మొదటి మార్పు చిన్నదిగా, ఒకే విషయానికి సంబంధించినదిగా ఉండనివ్వండి.

సొంత సర్వర్

కాలేజీ ల్యాబ్‌లోనో ఇంట్లోనో ఒకే వైఫై మీద ఉంటే చాలా తేలిక. 'స్టార్ట్ గేమ్'లో 'హోస్ట్ సర్వర్' గడిలో టిక్ పెట్టి నడిపితే మిగతావాళ్లు మీ కంప్యూటర్ ఐపీ చిరునామాతో చేరతారు. యూడీపీ పోర్టు 30000. ఫైర్‌వాల్‌లో అది తెరవడం మర్చిపోతే ఎవరూ రాలేరు, టీసీపీ తెరిచినా ఉపయోగం లేదు.

ఇంటర్నెట్ మీద నడపాలంటే మన ఇళ్ల కనెక్షన్లలో ఒక చిక్కు ఉంది. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతాయి. అలాంటప్పుడు రౌటర్‌లో పోర్టు ఫార్వర్డింగ్ ఎంత సరిగ్గా పెట్టినా బయటివాళ్లు చేరలేరు. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామా) ఉందేమో చూడండి, లేదా నెలవారీ అద్దెకు చిన్న వీపీఎస్ (డేటాసెంటర్‌లో ఉండే అద్దె సర్వర్) తీసుకోండి. భారత్‌లోని డేటాసెంటర్‌లో తీసుకుంటే మన పిల్లలకు పింగ్ బాగా తగ్గుతుంది. డల్లాస్‌లో ఉన్న బాబాయి పిల్లలు, గుంటూరులో ఉన్న మీరు కలిసి ఆడాలంటే మాత్రం ఎక్కడ పెట్టినా ఒకరికి దూరమే, మధ్యలో సర్దుకోవాలి.

అందరి జాబితాలో కనిపించాలంటే 'సర్వర్ అనౌన్స్' ట్రూ చేయాలి. దాన్ని మొదటి రోజే చేయకండి. తెలిసినవాళ్లతో నడిపి, రక్షణ మాడ్, నియమాల బోర్డు, బ్యాకప్ సిద్ధమయ్యాక చేయండి. 'ట్రస్టెడ్ మాడ్స్' జాబితాలో ఏ మాడ్‌నైనా చేర్చేముందు దాని కోడ్ చదవండి. ఆ జాబితాలోకి వెళ్లిన మాడ్, భద్రతా కంచె దాటి మీ కంప్యూటర్ ఫైళ్లను ముట్టుకోగలదు. బ్యాకప్ అంటే వరల్డ్స్ ఫోల్డర్‌లో మీ ప్రపంచం పేరున్న ఫోల్డర్ మొత్తం. మ్యాప్ మామూలుగా ఎస్‌క్యూలైట్ ఫైలులో ఉంటుంది. సర్వర్ ఆపి కాపీ తీయండి, నడుస్తుండగా తీసిన కాపీ తెరుచుకోకపోవచ్చు.

తెలుగు అక్షరాల పని

ఆటలో బోర్డు పెట్టి 'అమ్మ' అని తెలుగులో రాస్తే మొదట ఖాళీ గళ్లు కనిపిస్తాయి. ఇంజిన్‌తో వచ్చే ఫాంట్లలో తెలుగు లేదు. సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్ ఫాంట్ (అసలు ఫాంటులో లేని అక్షరాలకు వాడే ఫాంట్) దగ్గర నోటో సాన్స్ తెలుగు ఫైలు దారి ఇస్తే అక్షరాలు వస్తాయి, కానీ ఆ మార్పు మీ కంప్యూటర్ వరకే. పక్కవాడికి గళ్లే కనిపిస్తాయి. ఇంకో లోటు కూడా ఉంది. ఒత్తులు సరిగ్గా కూర్చే పని ఇంజిన్ చేయదు. మకు పొల్లు ఒకచోట, ఇంకో మ దాని పక్కన పడతాయి. హిందీ, కన్నడ, అరబిక్‌లకూ ఇదే బాధ. ఇంజిన్ మెనూల అనువాదం వెబ్లేట్ అనే అనువాదాల సైట్‌లో జరుగుతుంది కానీ, ఇది బాగుపడేదాకా అక్కడ తెలుగు అనువాదానికి శ్రమపడితే తెరమీద చదవడానికి పనికిరాదు.

ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ ఈ కూర్పును హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా లైబ్రరీతో చేసుకుంటాయి. లువాంటిలో దాన్ని పెట్టాలంటే సీ ప్లస్ ప్లస్ బాగా తెలిసిన చెయ్యి కావాలి. పరీక్షించడానికి మాత్రం తెలుగు చదవగలిగిన కళ్లు చాలు. రాష్ట్రం, స్త్రీ, జ్యోత్స్న, లక్ష్మి లాంటి మాటలు ఎలా రావాలో, ఎలా వస్తున్నాయో తెరచిత్రాలు పక్కపక్కన పెట్టి, ఇప్పటికే నడుస్తున్న చర్చలో చేర్చండి. ఆ పని చేసేవాళ్లలో తెలుగు చదవలేనివారికి ఏది తప్పో చెప్పాల్సింది మనమే. తెలుగులో ఇప్పుడే ఏదైనా అనువదించాలని చేతులు ఉబలాటపడుతుంటే బ్యాటిల్ ఫర్ వెస్నాత్ వైపు చూడండి. 2003 నుంచి నడుస్తున్న ఈ ఓపెన్ సోర్స్ వ్యూహాల ఆట అక్షరాలను పాంగో లైబ్రరీతో కూరుస్తుంది కాబట్టి తగిన ఫాంట్ ఉంటే ఒత్తులు చోటు తప్పవు.